కుక్కయు మెదడువాపు జ్వరమును

మన గోనెగండ్లలో కుక్క లేని వీధి లేదు. పిల్లలు దానిపై ఱాళ్లు రువ్వుదురు. పెద్దలు కసరి తఱుముదురు. ధనవంతుని వాకిట పడియున్న లాజరు చెంతకు వచ్చినవి కుక్కలేయని మన ఆదివారపు బడి పిల్లలెఱుగుదురు. ఈ ప్రాణి మన బిడ్డల ప్రాణములను కాపాడుటకు సయితము తోడ్పడగలదని తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మెదడువాపు జ్వరము దోమలవలన కలుగు వైరస్ వ్యాధి. వైద్యులు దీనిని జపానీస్ ఎన్‌కెఫలైటిస్ అందురు. మన దేశమున మనుష్యులలో దీనిని మొదట గుర్తించినది 1955లో, వేలూరు ప్రాంతమున. మన కర్నూలు జిల్లాయు దీని బారినపడిన జిల్లాలలో నొకటి. వైరస్ సోకినవారిలో పెక్కుమందికి ఏ బాధయు కలుగదు. కాని మెదడు వాచినచో తీవ్రజ్వరము, మూర్ఛలు, స్మృతి తప్పుట సంభవించును. అట్టివారిలో నూటికి 30 మంది వరకు మరణింతురు. బ్రదికినవారిలో ననేకులకు జీవితాంతము వైకల్యము మిగులును. పిల్లలకే యపాయము హెచ్చు.

ఈ వైరస్ కొంగలు మొదలగు నీటిపక్షులయందును, పందులయందును పెంపొందును. వరిమళ్లలో పుట్టు క్యూలెక్స్ దోమలు ప్రొద్దుగ్రుంకిన పిదప వానిని కుట్టి, తరువాత మనలను కుట్టును. గాజులదిన్నె జలాశయమును, తుంగభద్ర కాలువయు మనకు అన్నము పెట్టుచున్నవి. అయినను నీరు నిలిచినచోటనే దోమయు గ్రుడ్లు పెట్టును.

ఇందు కుక్క పనియేమి? ఆ దోమ కుక్కను కుట్టినను సాధారణముగా దానికి జబ్బు చేయదు. దాని రక్తములో వైరస్ చాలినంత పెరుగదు గనుక దానినుండి దోమకు గాని మనకు గాని వ్యాధి యంటదు. కాని రక్తమున ప్రతిరక్షకములు పుట్టి నిలిచియుండును. కొంచెము రక్తము తీసి పరీక్షించినచో, ఆ వీధిలో వైరస్ గల దోమలు తిరిగినవని తెలియును. ముసలికుక్కలోని గుర్తు ఏనాటిదో చెప్పలేము. తల్లిపాలు మఱచిన, ఏడాది నిండని కుక్కలోనిదైనచో ఇటీవలిదేయని యెంచవచ్చును. కుక్క మన గడపయొద్దనే పండుకొనును. మనలను కుట్టు దోమయే దానిని కుట్టును. కావుననే దాని సాక్ష్యము విలువగలది.

జపానులో 652 కుక్కలను పరీక్షింపగా నూటికి 25 కుక్కలయందు ఈ గుర్తు కనబడెనని 2010లో ప్రకటించిరి. ఆరుబయట పెరుగు కుక్కలలో నిది యెక్కువ.

కావున కుక్కలను కొట్టి చంపినందున ఈ జ్వరము తొలగదు. అట్లని ఊరకుక్కలను తాకరాదు; పిచ్చికుక్కకాటు భయము వేఱుగా కలదు. దోమతెరలో పండుకొనుడు. పందులను ఇండ్లకు దూరముగా నుంచుడు. 2006 మొదలు మన దేశమున వ్యాధిగల జిల్లాలలో పిల్లలకు టీకాలు వేయనారంభించిరి. మీ బిడ్డకు వేయించితిరో లేదో విచారించుకొనుడు. జ్వరముతో మూర్ఛ వచ్చిన బిడ్డను తాయెత్తులకై త్రిప్పక తక్షణమే ఆసుపత్రికి గొనిపొండు. ఆ గడియలే బిడ్డకు ప్రాణము.