బాటదిమ్మల క్రింద గాజు ఇసుక

పగిలిన సీసాను కరగించి మరల సీసా చేయవచ్చును. ఎన్నిసార్లు కరగించినను గాజు గుణము చెడదు. అయినను పాత గాజంతయు కొలిమికి పనికిరాదు. ఆకుపచ్చ, గోధుమరంగు ముక్కలు కలసినచో తెల్లని సీసా రాదు. పింగాణీ పెంకు ఒక్కటి చేరినను అది కరగక రాయివలె నిలిచిపోవును. కొత్త సీసా అక్కడనే పగులును. కొలిమి త్రోసివేసిన ఇట్టి గాజును నలిపి, కాలిబాటలలో పేర్చు సిమెంటు దిమ్మల క్రింద ఇసుకకు మారుగా పరచుట అమెరికా, ఆస్ట్రేలియాలలో కలదు. ఇసుకను సోడా, సున్నపురాయితో కరగించినదే గాజు కదా! అది తిరిగి ఇసుక చేయవలసిన పనికే వచ్చుచున్నది.

దిమ్మిస వేసిన కంకరమీద సుమారు 25 మి.మీ. మందమున ఇసుక పరచి, దానిపై దిమ్మలు పేర్చి, అదరు యంత్రముతో అదుముదురు. అప్పుడు ఇసుక కొంత సందులలోనికి ఎక్కి దిమ్మలను కదలకుండ పట్టుకొనును. గాజు రేణువులకు కోణములుండుటచే ఈ పట్టు బాగుగా కుదురును. గాజు నీటిని పీల్చదు. వాననీరు రేణువుల నడుమనుండి దిగిపోవును.

కోణములున్నచో చేయి తెగదా? కోయునది పెద్దపెంకు యొక్క పలుచని అంచు. 5 మి.మీ. కన్న సన్నగా నలిగిన రేణువులు అన్నివైపుల ఇంచుమించు సమముగ నుండి, అంచులు మొద్దుబారును. అయినను నలుపువారికి చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఇదే గాజును సిమెంటు కాంక్రీటులో కలుపుట వేరు సంగతి. గాజులోని సిలికా స్ఫటికరూపమున ఉండదు. తేమ తగిలినపుడు సిమెంటులోని క్షారములతో అది కలసి జిగురువంటి పదార్థమగును. ఆ జిగురు నీరు పీల్చి ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. పరుపులో సిమెంటు కలపరు కనుక ఈ బెడద లేదు.

ఏటి ఇసుకను మితిమీరి త్రవ్వినచో నదిగర్భము లోతై, ఒడ్డు బావులలో నీటిమట్టము పడిపోవును. కృష్ణా, గోదావరి తీరవాసులకు ఇది క్రొత్త మాట కాదు. ఆ ఇసుకలో కొంతైనను గాజు మిగిల్చిన మేలే.

కాని అన్నిచోట్ల కాదు. మోస్ కొలమానమున ఇసుకలోని క్వార్ట్జు కాఠిన్యము 7. గాజుది సుమారు 5.5. పైగా గాజు పెళుసు. లారీలు, బస్సులు తిరుగు తావున రేణువులు నలిగి పిండియగును. పిండి నీటిని పట్టియుంచును. పరుపు బురదవలె మెత్తబడి దిమ్మలు క్రుంగును. మనుష్యులు నడచు బాటకు, బడి ఆవరణకు, ఇంటి ముంగిలికి గాజు ఇసుక చాలును. బస్సుస్టాండుకు గట్టి ఇసుకయే కావలెను.