కాజీపేట కాజీ

కాజీపేట యనగానే మనకు రైలుకూడలి స్ఫురించును. కాని యీ యూరి పేరునకు మూలమైన వరంగల్లు కాజీ, సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ, 1886లో రైలుదారి వచ్చుటకు 30 ఏండ్ల ముందే గతించెను.

వివాహములు నమోదు చేయుట, తగవులు తీర్చుట కాజీ విధులు. ఆ పదవి తరచుగా వంశపారంపర్యము. కావున సనదులు, ఇనాము పత్రములు, వంశవృక్షములు అట్టివారి యిండ్లలో తరతరములు నిలిచెను. వానినుండి పూర్వుని చరిత్ర తెలియగోరువానికి పారశీకభాష వచ్చిన చాలదు, సంవత్సరముల లెక్కయు తెలియవలెను.

ఈ కాజీ జననము హిజరీ 1210, మరణము 1273 సఫరు మాసము. ఆ లెక్కను వయస్సు 63. క్రీస్తుశకమున నవియే 1795, 1856, వయస్సు 61. ఏది నిజము? రెండును నిజమే! హిజరీ వత్సరము చాంద్రమానము, సుమారు 354 దినములు. మనవలె అధికమాసము కలిపి సరిచేయుట అందు లేదు.

శిస్తు కాగితములలో నుండునది ఫసలీ. దానికి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. హిజరీ 1273ను ఫసలీ యని భ్రమించినచో 1863 అగును. పాపము, కాజీగారు మరణించిన పిదప మరి యేడేండ్లు కొలువు చేయవలసివచ్చును!

కాజీపేట దర్గాలో ఉర్సు నేటికిని సఫరు మాసముననే జరుగును. అందుచేత నది ఏటేట ఇంచుమించు 11 దినములు ముందుగా వచ్చుచుండును.