చెరువులో చేపలు ఎందుకు చచ్చాయి? గట్టు మీద నిలబడి చెప్పలేం

ఎండాకాలంలో చెరువులో చేపలు తేలాయంటే జగిత్యాలైనా, కోరుట్లైనా, సిరిసిల్లైనా గట్టు మీద వినబడేవి రెండే మాటలు. "ఎండకు చచ్చినయ్", లేదంటే "ఎవరో మందు కలిపిండ్రు." చాలాసార్లు మొదటి మాటే నిజం. నీళ్లు తగ్గి ఆక్సిజన్ చాలకపోతే తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బొచ్చె, రవ్వ, బంగారుతీగ అన్న తేడా ఉండదు, ఒక్క రాత్రిలో పోతాయి.

వైరస్ పద్ధతి వేరు. రోజుకు కొన్ని చొప్పున, ఎక్కువగా ఒకే రకం చేప చస్తూ పోతుంది. జిలేబీ చేపకు వచ్చే 'తిలాపియా లేక్ వైరస్' ఇలాంటిదే. దీన్ని 2014లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అక్కడి కుంటల్లో పక్కనే ఉన్న బంగారుతీగకు ఏమీ కాలేదు, జిలేబీ మాత్రమే చచ్చింది. 2018లో మన దేశంలో కేరళ, పశ్చిమ బెంగాల్‌లో ఇది దొరికింది. మన మూడు చోట్లకూ వచ్చేసిందని చెప్పడం లేదు. కానీ వస్తే ఎలా తెలుస్తుందన్నదే ప్రశ్న.

కరోనా టైంలో గల్ఫ్ ఫ్లైట్ ఎక్కాలంటే ఆర్టీపీసీఆర్ చేయించుకున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. చేపకూ అదే టెస్టు. కాలేయం, మెదడు ముక్క తీసుకుని అందులోని వైరస్ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మారుస్తారు. తర్వాత దాన్ని రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపు చేస్తూ పోతారు. 30 రౌండ్లకు ఒక్క కాపీ 100 కోట్లు దాటుతుంది. కామర్స్ చదివిన నాకు చక్రవడ్డీ లెక్కే గుర్తొచ్చింది.

అయితే శాంపిల్ సరిగా ఉండాలి. ఉబ్బి వాసనొచ్చే చేప పనికిరాదు. కొట్టుమిట్టాడుతున్న దాన్ని ఐస్‌లో పెట్టి వెంటనే పంపాలి. మత్స్యశాఖ వాళ్లకు చెప్పొచ్చు, లేదా కేంద్రం 2023లో తెచ్చిన 'రిపోర్ట్ ఫిష్ డిసీజ్' యాప్‌లో ఫొటోతో తెలపొచ్చు.

వైరస్ పేరు తేలినా పని సగమే అయినట్టు. ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవాలంటే దాని జన్యువుల వరుసను వేరే చోట్ల దొరికినవాటితో పోల్చాలి. థాయిలాండ్‌లో హేచరీల పాత శాంపిళ్లు మళ్లీ పరీక్షిస్తే 2012 నాటి వాటిలోనే వైరస్ కనిపించింది. అంటే ఎవరికీ తెలియకముందే పిల్లలతో పాటు ప్రయాణం చేసింది. మన చెరువుల్లోకీ ఆంధ్ర నుంచి లారీల్లో చేప పిల్లలు వస్తాయి. ఏ హేచరీ, ఏ తేదీ, ఎన్ని పిల్లలు అని రాసిన చీటీ సొసైటీ దగ్గర లేకపోతే ల్యాబ్ కూడా వెనక్కి నడవలేదు.

ఇంకో తప్పు, చచ్చిన చేపల్ని కాలువలోకి నెట్టేయడం. మానేరులో నర్మాల దగ్గర వదిలిన నీళ్లు మిడ్ మానేరుకే చేరుతాయి. గట్టుకు దూరంగా గుంత తీసి సున్నం వేసి పూడ్చాలి. వలలు ఎండలో బాగా ఆరాకే ఇంకో చెరువుకు తీసుకెళ్లాలి.

తినొచ్చా అని ఇళ్లల్లో అడుగుతారు. ఈ వైరస్ మనుషులకు సోకినట్టు ఎక్కడా రుజువు లేదు. కానీ దానంతట అదే చచ్చి తేలిన చేపను హనఫీ ఇళ్లల్లో ఎలాగూ తినరు. ఎప్పుడు చచ్చిందో తెలియని చేప కుళ్లి ఉండొచ్చు కాబట్టి డాక్టర్లు కూడా వద్దనే అంటారు. బజార్లో సగం ధరకు దొరికినా సరే.