ఊరి సొమ్ము - ఊరి లెక్క

శామీర్‌పేట చెరువు నిండిన యేట గట్టుమీద నిలిచి చూచినచో ఆ నీరు ఏ యొక్కరి సొత్తుగను తోచదు. తూము తెరచువాడు నీరడి. అతడు నీటికి కావలివాడే గాని యజమాని కాడు. వరుస తప్పించి ఒకరి మడికి నీరు వదలినచో, దిగువ మడి యెండుట అందరి కంటను పడును; ఊరు ఊరంతయు అతనిని నిలదీయును.

ప్రభుత్వ ధనము కూడ ఇట్టి ఉమ్మడి నీరే. భేద మొక్కటి కలదు. ధనము పారునపుడు కంటికి కనబడదు. ఎవరి మడి యెండినదో వెంటనే తెలియరాదు. కనబడని దానిని కనబడునట్లు చేయుటకే ఆయవ్యయ పట్టికలు, చిట్టాలు, రశీదులు, తనిఖీలు ఏర్పడినవి. ఇవి గుమాస్తాల గొడవలని మనలో చాలమంది తలంతురు. నిజమునకు ఇవి మన మడికి వచ్చు నీటి లెక్కలు.

శామీర్‌పేట మన దేశపు గ్రామాధ్యయన చరిత్రలో పేరుగన్న ఊరు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు శ్యామాచరణ్ దూబే తన బృందముతో 1951-52 ప్రాంతమున ఈ గ్రామ జీవితమును పరిశీలించి వ్రాసిన 'ఇండియన్ విలేజ్' అను గ్రంథము 1955లో వెలువడినది. ఆనాటి తెలంగాణ గ్రామములలో మాలీ పటేలు శిస్తు వసూలు చేసెడివాడు. పట్వారీ లెక్క వ్రాసెడివాడు. పోలీసు పటేలు శాంతి భద్రతలు చూచెడివాడు. సొమ్ము పట్టు చేయి ఒకటి, లెక్క వ్రాయు చేయి వేరొకటి. ఈ విభజనయందు గొప్ప వివేకము కలదు. అయినను రైతునకు మేలు కలుగక పోయినది. ఏలయన, పట్వారీ దస్త్రములోని వ్రాత రైతు చదువజాలడు, చదువగలవాడు అడుగజాలడు. 1984లో ఈ వంశపారంపర్యపు పద్ధతి రద్దయినది. అది మనకు విడిచిపోయిన పాఠ మొక్కటే: లెక్క వ్రాయబడినంతనే చాలదు, సొమ్ము చెల్లించినవాడు దానిని చదువగలుగవలెను.

మన రాజ్యాంగము ఈ పాఠమునకే శాసన రూపమిచ్చినది. చట్టముయొక్క ఆధారము లేనిదే ఏ పన్నును విధింపరాదని 265వ అధికరణము చెప్పుచున్నది. చట్టానుసారముగ దక్క సంచిత నిధినుండి ఒక రూపాయియైనను తీయరాదని 266వ అధికరణము నిర్బంధించుచున్నది. ఈ రాకపోకలను తనిఖీ చేయుటకు 148వ అధికరణము క్రింద కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు అను స్వతంత్రాధికారి కలడు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించి, వాటి లెక్కల తనిఖీకి కూడ చోటిచ్చినది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామసభను రెండు నెలలకొకమారు జరుపవలెనని విధించినది. చెక్కుపై సర్పంచితో బాటు ఉపసర్పంచి కూడ సంతకము చేయు పద్ధతి తెలంగాణ పంచాయతీలలో వచ్చినది. ఇది కూడ ఆ పాత వివేకమే; ఒక్క చేతికి తాళపుచెవి ఇవ్వరాదనుట.

ఇక రూపాయి నడచు దారి చూతము. ఒక వీధిలో సిమెంటు బాట వేయవలెననుకొందము. మొదట అంచనా తయారగును. అధికారము గలవారు దానిని మంజూరు చేయుదురు. టెండరు పిలిచి పని నొకరికి అప్పగింతురు. పని జరిగిన పిమ్మట ఇంజనీరు కొలతల పుస్తకములో పొడవు, వెడల్పు, మందము నమోదు చేయును. ఆ పుస్తకమునకు పుట సంఖ్య లుండును. కాగితము చింపరాదు, అంకెలు దిద్ది కప్పిపుచ్చరాదు. పై యధికారి కొలతలను సరిచూచిన తరువాతనే బిల్లు చెల్లింపబడును. పిదప ఆడిటు వచ్చును.

ఇన్ని కావళ్లు దాటి సొమ్ము ఎట్లు జారును? ఒక ఉదాహరణము చాలును. బాట పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందము 15 సెంటీమీటర్లు అనుకొందము. కాంక్రీటు 45 ఘనపు మీటర్లు కావలెను. మందము 12 సెంటీమీటర్లే వేసినచో పట్టునది 36 ఘనపు మీటర్లు. అయిదింట ఒకవంతు సొమ్ము మాయమైనది. పైనుండి చూచిన బాట చక్కగనే యుండును. రెండు వానకాలములు గడచిన తరువాత పగుళ్లు చూపును. కాగితములపై కొలత సరిగ నుండిన యెడల, ఏండ్ల తరువాత వచ్చు ఆడిటరు దానిని పట్టుకొనుట దుర్లభము. బాట వేయునాడు కొలబద్దతో అంచున నిలిచిన ఇంటి యజమాని మాత్రము క్షణములో పట్టుకొనగలడు. కావున వీధిలోని మనిషియే మొదటి ఆడిటరని మేము గట్టిగ చెప్పుచున్నాము.

దొంగతనము లేకున్నంత మాత్రమున బాధ్యత నెరవేరినట్లు కాదు. మార్చి 31లోపల ఖర్చు చూపవలెనను తొందరలో అక్కరలేని వస్తువులు కొనుట ఒక దోషము. భవనము కట్టి అందులో ఉద్యోగిని నియమింపకుండుట మరొకటి. వచ్చిన నిధిని భయముచేతనో సోమరితనముచేతనో ఖర్చు పెట్టక మురుగబెట్టుట వేరొకటి. ఈ మూడింటను ఎవరి జేబులోనికిని పైసా పోయి యుండకపోవచ్చును. అయినను ప్రజలకు అందవలసినది అందలేదు. తూము మూసి చెరువు నింపుకొని, మడి యెండబెట్టిన నీరడిని ఎవరును మెచ్చరు గదా!

ఈ ప్రశ్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములవారికి నేడు మరింత దగ్గరది. 2024లో హైదరాబాదు చుట్టునున్న బాహ్య వలయ రహదారి పరిసర గ్రామ పంచాయతీలు 51 సమీప పురపాలక సంఘములలో చేర్పబడినవి. 2025 చివర మేడ్చల్, తూంకుంట మొదలుగా నగర శివారుల పురపాలక సంఘములు మహానగరపాలక సంస్థలో విలీనమైనవి. పట్టణ పాలనవలన మంచినీరు, మురుగుపారుదల, రహదారులు పెద్ద ప్రణాళికతో రాగలవన్నది నిజమే. అయితే నిన్నటివరకు ఇంటిపన్ను కట్టిన మనిషి పంచాయతీ కచేరీ అరుగుమీదనే “మా సొమ్మేమైనది?” అని అడుగగలిగినాడు. పట్టణములకు గ్రామసభ లేదు. పన్ను కట్టు చోటికిని లెక్క యుండు చోటికిని దూరము పెరిగినది. దూరము పెరిగిన కొలది అడుగువాని గొంతు సన్నగిలును. సమాధానము చెప్పవలసినవాని జంకు కూడ తగ్గును.

ఈ దూరమును తగ్గించు సాధనములు లేకపోలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పౌరుడెవ్వడైనను దరఖాస్తు పెట్టి, సాధారణముగ 30 దినములలో సమాధానము పొందవచ్చును. అంచనా నకలు, కొలతల పుస్తకపు నకలు, చెల్లించిన బిల్లు నకలు, ఈ మూడింటిని అడిగి ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచిన చాలును. అదే చట్టములోని 4వ విభాగము, ఎవరును అడుగకమునుపే తమ ఆయవ్యయముల వివరములను ప్రకటింపవలెనని కార్యాలయములను ఆదేశించుచున్నది. పని జరుగు చోట, దాని పేరు, మంజూరైన మొత్తము, కొలతలు, గుత్తేదారు పేరు తేట తెలుగులో వ్రాసి బల్ల నిలిపినచో సగము సందేహములు అక్కడనే తీరును. అందువలన నిజాయితీగల ఉద్యోగికి నష్టమేమియు లేదు. పైగా తెరచిన లెక్కయే అతనికి రక్ష. అపవాదు వచ్చిననాడు అతని పక్షమున సాక్ష్యము పలుకునది ఆ పుస్తకమే.

కంచె చేను మేసినదని విచారించుట సులువు. ఆ కంచెను ఏటేట చూచుకొనుట కష్టము. మీ వీధిలో ఈ సంవత్సరము జరిగిన పని యొక్కటి యెంచుకొనుడు, దాని లెక్క అడుగుడు, చదువుడు, చదువలేనివారికి చదివి వినిపింపుడు. నాడు శామీర్‌పేట రైతు చదువలేకపోయిన దస్త్రము నేడు మనము విప్పగలము. విప్పక కట్టి యుంచినచో ఆ తప్పు పట్వారీది కాదు, మనది.