పక్షవాత బాధితులకు పునరావాసం – ఆసుపత్రి తరువాతి నెలలే కీలకం

(అక్టోబరు 29 – ప్రపంచ స్ట్రోక్ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

పక్షవాతానికి గురైన రోగి ప్రాణాపాయం నుండి బయటపడి ఇంటికి చేరినంతనే చికిత్స ముగిసిందన్న అభిప్రాయం ప్రజలలో బలంగా ఉన్నది. వాస్తవానికి నడక, మాట, చేతిపట్టు తిరిగి పొందేందుకు చేయవలసిన దీర్ఘకాల కృషి అప్పటి నుండే మొదలవుతుంది.

మెదడుకు రక్తాన్ని అందించే నాళం మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. దెబ్బతిన్న భాగం చేసే పనులను మెదడులోని ఇతర భాగాలు నిరంతర సాధనతో కొంతవరకు అలవరచుకోగలవు. ఈ మెరుగుదల మొదటి 3 నుండి 6 నెలలలో అధికంగా ఉంటుంది. ఆ తరువాత కూడా నిదానంగా కొనసాగవచ్చు. ఇంతటి విలువైన కాలాన్ని పసరు మందుల కోసం ఊరూరా తిరుగుతూ వృథా చేయరాదు. పథ్యం పేరిట రక్తపోటు, మధుమేహం మాత్రలు మానివేసినచో పక్షవాతం మరల వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఇంటి వద్ద పాటించవలసిన జాగ్రత్తలు:

* ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలను ప్రతిదినం చేయించాలి.
* చచ్చుబడిన చేతిని పట్టి రోగిని లేపరాదు. భుజం కీలు జారే అవకాశమున్నది.
* కదలలేని రోగిని 2 గంటలకొకసారి పక్కకు తిప్పితే పుండ్లు పడకుండా నివారించవచ్చు.
* ఆహారాన్ని కూర్చుండబెట్టి మాత్రమే తినిపించాలి. పొలమారుతుంటే వైద్యుని సంప్రదించాలి.
* మాట రాని రోగికి అర్థం కాదని భావించరాదు. నిరుత్సాహం, దిగులు కనిపిస్తే వాటికీ చికిత్స అవసరం.

సేవాభారం సాధారణంగా ఇంటిలోని ఒక్క మహిళపైనే పడుతుంది. ఆమె కూలికి వెళ్లలేకపోతే కుటుంబ ఆదాయం కూడా దెబ్బతింటుంది. ఇరుగుపొరుగువారు, స్వయం సహాయక సంఘాల సభ్యులు వారంలో కొన్ని గంటలైనా తోడ్పడితే ఆమెకు ఊరట లభిస్తుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో చలన వైకల్యం, మాట–భాషా వైకల్యం ఉన్నవి. 40 శాతం, ఆపైన వైకల్యం నిర్ధారణ అయినవారు చట్టం కల్పించిన ప్రత్యేక ప్రయోజనాలకు అర్హులు. మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైన పక్షవాత బాధితులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుండి నెలసరి పింఛనును రూ.15,000కు పెంచినది.

రోగి ఇంటికి చేరిన సమాచారం ఆసుపత్రి నుండి ఆ గ్రామ ఏ.ఎన్.ఎం.కు, ఆశా కార్యకర్తకు వెంటనే అందినపుడే రక్తపోటు పరీక్ష, మందుల కొనసాగింపు, వైకల్య ధ్రువీకరణ సకాలంలో జరుగుతాయి. ఈ సమన్వయంపై జిల్లా, మండల స్థాయి అధికారులు ప్రత్యేక శ్రద్ధ వహించవలసి ఉన్నది.