ఒకే కొండపై రెండు వానకాలములు

కోయంబత్తూరు వైపునుండి చూచువారికి నీలగిరులు ఒకే నీలిగోడవలె కనబడును. “ఉదకమండలము చల్లని ప్రదేశము” అని భూగోళ పాఠములో ఒక్క వాక్యము చదివి ముందుకు సాగిపోవుదుము. కాని ఆ కొండలపై ఇరువది కిలోమీటర్ల ఎడములోనే వానకాలము మారును; ఒక్కొక్కచోట ఒకే తోటలో మీదిచెట్టునకు, క్రిందిచెట్టునకు చలి వేరుగా నుండును.

ఎత్తువలన కలుగు మార్పు అందరెరిగినదే. కిలోమీటరు ఎత్తునకు సుమారు 6.5 డిగ్రీల వంతున వేడిమి తగ్గును. మేట్టుపాళయమునుండి 46 కిలోమీటర్లు ప్రాకి ఉదకమండలము చేరు కొండరైలు ఇంచుమించు 1,900 మీటర్లు పైకెక్కును. క్రింద చెమట తుడుచుకొన్నవారు పైన కంబళి వెదకికొనుటలో వింత లేదు.

వింత యంతయు గాలిలో నున్నది. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనములు అరేబియా సముద్రపు తేమను తెచ్చి కొండల పడమటి వాలును తాకును. పైకెగసిన గాలి చల్లబడి గూడలూరు, పందలూరు, అవలాంచి ప్రాంతములలో తెరపిలేక కురిపించును. ఆ గాలియే కొండదాటి దిగునప్పుడు వేడెక్కి పొడిబారును. అందుచేత తూర్పు అంచుననున్న కున్నూరునకు ఆ నెలలలో వాన తక్కువ. దాని వంతు అక్టోబరు, నవంబరులలో బంగాళాఖాతమునుండి ఈశాన్యపుగాలి వీచునప్పుడు వచ్చును. ఇక ఉత్తరమున, కొండ అడుగుననున్న మసినగుడి వైపు వానచాటు ప్రదేశము. అక్కడ ముళ్లపొదలే హెచ్చు.

ఇది పరీక్షకు మాత్రమే పనికివచ్చు విషయము కాదు. 2009 నవంబరులో ఉదకమండలమునకు, కున్నూరునకు నడుమనున్న కేత్తిలో ఒక్కరోజున 80 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. ఆ వానలకు కొండచరియలు విరిగిపడి జిల్లాలో నలువదిమందికి పైగా మరణించిరి. 2019 ఆగష్టులో పడమటనున్న అవలాంచిలో మరల ఒక్కరోజున అంతటి వానయే కురిసినది. మొదటిది ఈశాన్యపు కాలము, రెండవది నైరృతి కాలము. “జిల్లాలో భారీవర్షము” అన్న ఒక్క హెచ్చరికవలన ఏ వాలుక్రింది కుటుంబము ఇల్లు విడువవలెనో తెలియదు. జిల్లా సగటు అను అంకెపై మాకు ఎన్నడును గొప్ప నమ్మకము లేదు.

చలి విషయము మరింత విచిత్రము. డిసెంబరు, జనవరి నెలలలో మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. దానినంటిన గాలియు చల్లబడి, బరువెక్కి, నీటివలె వాలువెంట జారి పల్లములో మడుగు కట్టును. తెల్లవారుసరికి పల్లపు గడ్డి మంచు గడ్డకట్టి ఉప్పు చల్లినట్లుండును. మిట్టమీద ఆకు పచ్చగానే యుండును. ఎత్తునకు పోయినకొలది చలి హెచ్చునన్న సూత్రము ఆ రాత్రికి తలక్రిందగును. పల్లమున తేయాకు నాటినవాడు చిగురు మాడినప్పుడు గాని దీనిని గ్రహింపడు. బడగల ఊళ్లు తరచుగా చిన్నమిట్టలమీదనే యుండును. పల్లపు రాత్రులెట్టివో వారినడిగిన చెప్పుదురు.

ఇట్టి భేదములను కనుగొనుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. అంచులు నిటారుగానున్న డబ్బానొకదానిని గోడలకు, చెట్లకు దూరముగా ఆరుబయట నుంచి, వాతావరణశాఖ వారివలె ప్రతి ఉదయము 8.30 గంటలకు నీటిలోతును మిల్లీమీటర్లలో కొలిచి వ్రాసికొనిన చాలును. వేర్వేరు పేటలనుండి వచ్చు విద్యార్థులు పదిమంది తమ అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో, ఒక పేట తడిసిన దినమున మరియొక పేటలో దుమ్ము లేచినట్లు కాగితముమీదనే కనబడును.