బందరు కాపురము



నిరుడు కార్తికమాసమున మా మేనమామగారు పల్లెనుండి మా యింటికి వచ్చిరి. కాళ్లు కడుగుకొనుచునే, "ఏమల్లుడా, ఉప్పెన వచ్చిన ఊరిలో ఇల్లు కొంటివేమి? మన ఊరిలో చోటే దొరకలేదా?" అని యడిగిరి. నాకు వెంటనే సమాధానము తోచలేదు. మరునాడు ఆయనను వెంటబెట్టుకొని ఊరంతయు చూపితిని. ఆనాడు ఆయనతో చెప్పినదే నేడు మీకును మనవి చేయుచున్నాను.

మచిలీపట్టణమును మేము బందరు అనియే పిలుతుము. బందరనగా పారసీకభాషలో ఓడరేవు. గోలకొండ సుల్తానుల రాజ్యమునకు ఇది ముఖద్వారము. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇచ్చట వర్తకశాలలు పెట్టిరి. వారి కోట శిథిలమైనది గాని, పేటల పేర్లు చెక్కుచెదరలేదు. డచ్చివారిని మన పూర్వులు వలందులనిరి. వారున్న చోటు వలందపాలెము. ఫ్రెంచివారు పరాసులు, వారిది పరాసుపేట. ఇంగ్లీషుపాలెము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతమంది ఇంతదూరము వచ్చినది మన అద్దకపు గుడ్డలకొరకు. వలందులు వానిని తూర్పుదీవులకు కొనిపోయి, బదులుగా జాజికాయ, లవంగము తెచ్చుకొనెడివారు. పారసీకదేశమునకును అవి పోయెడివి. ఈ పని నేటికిని బందరునందును, చేరువనున్న పెడనయందును సాగుచున్నది. మామయ్యగారు నేతపనివారి నడుమ పెరిగినవారగుటచే అచ్చట గంటసేపు నిలిచిపోయిరి. గుడ్డను మొదట కరక్కాయపొడియు గేదెపాలును కలిపిన నీటిలో ముంచి ఆరవేయుదురు. పాత ఇనుపముక్కలను బెల్లపునీటిలో చాలదినములు నానవేసి తీసిన ద్రవమును అచ్చుతో అద్దగానే, కరక్కాయ పట్టిన గుడ్డ నల్లనగును. ఎరుపు కావలసినచోట పటికనీటిని అద్దుదురు. అప్పటికి ఎరుపేమియు కనబడదు. పారు నీట ఉతికి, రంగువేళ్లతో కలిపి కాగులలో ఉడికించునప్పుడు పటిక తగిలినచోటనే ఎరుపు పట్టుకొనును. పూర్వము దీనికి చిరివేరు వాడెడివారు. "అయితే నిలుపునది పటికయే గాని వేరు కాదన్నమాట" అని మామయ్యగారు తలయూపిరి.

ఇక ఉప్పెన మాట. మా సముద్రము లోతు తక్కువ. పూర్వము పెద్ద ఓడలు తీరమునకు రాలేక మైళ్లదూరమున లంగరు వేసెడివి. సరకు పడవలమీద చేరెడిది. ఈ లోతులేమియే తుపానునాడు ప్రాణాంతకమగును. సముద్రము లోతైనచోట గాలి త్రోసిన నీటిలో చాలభాగము అడుగునుండి వెనుకకు మరలిపోవును. లోతులేనిచోట దానికి అట్టి దారి లేదు. నీరు మీదికి లేచి నేలపై బడును. మా నేలయా, పళ్లెమువలె చదును. వచ్చిన నీటిని ఆపు గట్టేదియు లేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి అట్లు జరిగి సుమారు 30 వేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న మాకు దక్షిణముననున్న దివిసీమ మునిగిన విధమును ఇదియే.

"ఇవన్నియు తెలిసియే ఉన్నావా?" అనిరి మామయ్యగారు. తెలిసియే ఉన్నాను. అంత వినాశము పొందిన ఊరిలోనే 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. 1910లో జాతీయకళాశాల వెలసినది. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు స్థాపించిరి. ఆ బ్యాంకు 2020లో వేరొకదానిలో కలిసిపోయినది. అది వేరు సంగతి. ఉప్పెన పిదప మిగిలినవారు ఊరు విడిచిపోయియుండిన, ఇవి ఇచ్చట జరిగెడివి కావు. 2023లో నూతన రేవునకు శంకుస్థాపనయు జరిగినది. నాకు మాత్రము సాయంకాలపు ఉప్పుగాలియే చాలును.

ధైర్యమనగా మొండితనము కాదని ఆయనతో చెప్పితిని. నేడు తుపాను సూచన కొన్ని దినములు ముందుగనే తెలియుచున్నది. ఖాళీ చేయుమన్ననాడు తాళమువేసి పోవుదుము. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు. ఇల్లు కొనునప్పుడు నేను మొదట చూచినది మేడమెట్లు.

పున్నమినాడు మంగినపూడిలో సముద్రస్నానము చేసితిమి. అచ్చట ఇసుకకు మారుగా నల్లమన్ను; అది ఆయన పంచెకు అంటుకొని ఎంతకును వదలలేదు. ప్రయాణమునాడు బందరులడ్డు కట్టించుకొని, మేడ మరియొకమారు ఎక్కి చూచి, కిటికీగడియలు గట్టివి కావనిరి. ఆ వారమే వానిని మార్పించితిని.